వంత పాడినవాడి కోతలు

ఆత్మకథలో అబద్ధం చెప్పొచ్చా అని అడిగితే ఎవరైనా చెప్పకూడదనే అంటారు. మరి 2009లో వచ్చిన ఒక ఆత్మకథ అట్ట మీదే 'నిజ జీవితం, కోతలు' అని అర్థం వచ్చే పేరుంది: 'బిగ్ మ్యాన్: రియల్ లైఫ్ అండ్ టాల్ టేల్స్'. రాసింది శాక్సఫోన్ వాద్యకారుడు క్లారెన్స్ క్లెమన్స్, ఆయన స్నేహితుడూ టీవీ రచయితా అయిన డాన్ రియో. ఇద్దరి గొంతులూ విడివిడిగా వినిపిస్తాయి. మధ్యమధ్యలో 'లెజెండ్' అని పేరుపెట్టిన కథలొస్తాయి. వాటిలో జరిగిందెంతో అల్లిందెంతో మనమే తేల్చుకోవాలి. ఇది కోతే సుమా అని చెప్పి మరీ కోస్తాడు మనిషి.

క్లెమన్స్ 1942లో వర్జీనియా రాష్ట్రం నార్ఫోక్‌లో పుట్టాడు. తండ్రి చేపల వ్యాపారి. తొమ్మిదేళ్ళప్పుడు క్రిస్మస్‌కి కరెంటు రైలు బొమ్మ కావాలని అడిగితే నాన్న శాక్సఫోన్ తెచ్చి చేతిలో పెట్టాడు. ఫుట్‌బాల్ ఆటగాడు కావాల్సినవాడే. కారు ప్రమాదంతో ఆ దారి మూసుకుపోయింది. పగలు బాలుర సంస్కరణ కేంద్రంలో కౌన్సెలర్ ఉద్యోగం, రాత్రి క్లబ్బుల్లో వాయింపు. ఆ తర్వాత బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పక్కన ఈ స్ట్రీట్ బ్యాండ్‌లో దాదాపు నాలుగు దశాబ్దాలు. 2011 జూన్ 18న పోయాడు.

మా బోయినపల్లి దిక్కు పెళ్ళి బరాత్‌లో బ్యాండువాళ్ళ బాకాలు విని పెరిగిన చెవులు నావి. అక్కడ బాకా అంటే హోరు, ఎగురుడు. 'జంగిల్‌ల్యాండ్' పాట మధ్యలో క్లెమన్స్ వాయించిన రెండు నిమిషాలు మొదటిసారి విన్నప్పుడు, అదే జాతి వాయిద్యం ఇంత తీరిగ్గా ఏడవగలదా అనిపించింది.

ఇక ఆ ప్రసిద్ధమైన తలుపు కథ. 1971, న్యూజెర్సీలోని ఆస్బరీ పార్క్, గాలివాన రాత్రి. స్ప్రింగ్‌స్టీన్ వాయిస్తున్న క్లబ్బు తలుపు క్లెమన్స్ తీయగానే, గాలికి అది ఊడి వీధిలోకి కొట్టుకుపోయిందట. వెనక మెరుపులు, గుమ్మం నిండా నల్లటి నిలువెత్తు మనిషి. స్ప్రింగ్‌స్టీన్ దీన్ని వేదికల మీద ఏళ్ళ తరబడి, ఒక్కోసారి ఒక్కో తీరుగా పెంచి చెప్పాడు. క్లెమన్స్ మాత్రం నిజంగానే జరిగిందని చివరిదాకా అన్నాడు. నాకు తలుపు మీద పట్టింపు లేదు. ఆ కథ ఎవరిది అన్నదే నన్ను ఆపిన ప్రశ్న.

మన దగ్గర ఒగ్గు కథ చెప్పేటప్పుడు ప్రధాన కథకుడి పక్కన వంత ఉంటాడు. డోలు, తాళాలు, నపీర వంతల చేతుల్లోనే. మాటల తెలుగులో 'వంత పాడటం' అంటే తిట్టు. సొంత బుద్ధి లేనివాడని. ఎవరు పుట్టించారో గానీ ఆ తిట్టు పుట్టించినవాడు ఒక రాత్రంతా కూచుని కథ విన్నవాడు కాదు. వంత "ఆఁ" అనకపోతే కథకుడి నోరు ఎండిపోతుంది. అడగాల్సిన ప్రశ్న వంతే అడుగుతాడు, నమ్మలేని చోట నవ్వేదీ వాడే. మల్లన్న కథలో ఇన్ని వింతలున్నాయి కదా, అబద్ధం చెప్తున్నట్టు అనిపించదా అని ఒకసారి మా దిక్కు ముసలి కళాకారుణ్ని అడిగాను. "కతల జెప్పేది కత అని ఇన్నోళ్ళకు ఎరుకే బిడ్డా. ఎరుకైనంక అది అబద్ధమెట్లయితది?" అన్నాడు.

క్లెమన్స్ పుస్తకానికి ఇంతకంటే మంచి సమర్థన నాకు దొరకలేదు. మోసమంటే లేనిది చెప్పడం కాదు, చెప్పింది ఏ జాతి మాటో దాచడం. మన పెద్దల ఆత్మకథల్లో ఏ గుర్తూ లేకుండా నిజం పక్కన చేరిన కోతలు ఎన్నుంటాయో! అన్నీ సత్యనిష్ఠ ముద్రతోనే వస్తాయి. వాటికంటే క్లెమన్స్ నిజాయితీపరుడు. బుర్రకథ నాజర్ తన బతుకును నోటితో చెబితే అంగడాల వెంకట రమణమూర్తి 'పింజారి'గా అక్షరాల్లో పెట్టారు. అక్కడా ఒకరు చెప్పేవాడు, ఒకరు వినేవాడు. వినే మనిషి ఎదురుగా ఉన్నప్పుడు కథ కాస్త సాగుతుంది. అది మనిషి స్వభావం. తేడా ఒకటుంది. నాజర్ కథకుడు, నడుమ నిలబడినవాడు. క్లెమన్స్ పక్కన నిలబడినవాడు.

'బార్న్ టు రన్' (1975) రికార్డు అట్ట చూడండి. గిటారుతో స్ప్రింగ్‌స్టీన్ ఎవరి భుజం మీదో వాలి నవ్వుతుంటాడు. ఆ భుజం క్లెమన్స్‌ది. అట్ట తెరిచి పరిస్తేనే మనిషి పూర్తిగా కనిపిస్తాడు, వెనక వైపున. ఇప్పుడు ఫోన్‌లో పాట పెడితే వచ్చేది ముందు సగమే. 1989లో బ్యాండ్‌ని పక్కన పెడుతున్నానని స్ప్రింగ్‌స్టీన్ చెప్పింది ఫోన్‌లో. అప్పుడు క్లెమన్స్ రింగో స్టార్ బృందంతో జపాన్‌లో ఉన్నాడు. పదేళ్ళకు మళ్ళీ కలిశారు. అదే 1999లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి స్ప్రింగ్‌స్టీన్ ఒక్కడే వెళ్ళాడు. బ్యాండ్‌కి ఆ గౌరవం 2014లో వచ్చింది. అప్పటికి క్లెమన్స్ లేడు.

వాళ్ళ స్నేహం బూటకమని నేననను. ఆ పుస్తకానికి ముందుమాట స్ప్రింగ్‌స్టీనే రాశాడు. కానీ ప్రేమతో అల్లిన పురాణం కూడా మనిషిని మింగగలదు. పురాణంలోని భీముడికి మోకాళ్ళ నొప్పులుండవు, జీతం పేచీలుండవు, తెల్లవాళ్ళు నిండిన హాల్లో ఒంటరి నల్లవాడి ఇబ్బంది ఉండదు. నలభై ఏళ్ళు ఇంకొకరి నోట్లో భీముడుగా బతికినవాడు కోతలు తానే కోసుకుంటానంటే, అందులో నాకు గొప్పలు చెప్పుకునే యావకంటే ఆస్తి తగాదా ఎక్కువ కనిపిస్తుంది. నా కథ, నేనే పెంచుతాను, ఎక్కడ పెంచానో నేనే చెబుతాను, అంతే. దీనికి ఒక నష్టం లేకపోలేదు. నవ్వించే కథ పక్కనే ఉన్నప్పుడు నొప్పి చెప్పే పేజీని కూడా చదివేవాడు నవ్వుతూ దాటేస్తాడు. నేను రెండోసారి చదివినప్పుడు కోతల్ని వదిలేసి చదివాను. వేరే మనిషి కనిపించాడు, ఇంకాస్త అలసిన మనిషి.

'జంగిల్‌ల్యాండ్'లో ఆ భాగం రికార్డు చేయడానికి పదహారు గంటలు పట్టిందంటారు. ఒక్కో స్వరం దగ్గర స్ప్రింగ్‌స్టీన్ ఆపి, మళ్ళీ వాయించమన్నాడట. మరి ఆ ఏడుపు ఎవరిది? చెప్పినవాడిదా, ఊదినవాడిదా? 2012లో తమ్ముడి కొడుకు జేక్ క్లెమన్స్ ఆ చోటికొచ్చి శాక్సఫోన్ పట్టాడు. బ్యాండ్ పుట్టుక కథ చెప్పే 'టెన్త్ ఎవెన్యూ ఫ్రీజ్-అవుట్' పాటలో బిగ్ మ్యాన్ ప్రస్తావన రాగానే ఆ కచేరీల్లో వాయిద్యాలన్నీ ఆగిపోయేవి. జనం అరుపులు, చప్పట్లు చాలాసేపు సాగేవి. అంతసేపూ స్ప్రింగ్‌స్టీన్ పాడకుండా నిలబడేవాడు.