ఇచ్చినదా, ఇవ్వనిదా?

 



పంచశీలలో రెండోది అదిన్నాదానం నుంచి దూరంగా ఉండడం. వందన సమయంలో అందరం చెప్పుకుంటం. బయటికి వచ్చినంక "దొంగతనం చెయ్యొద్దు" అని తెలుగు చేసుకుని, మనం దొంగలం కాదు గదా అని నిమ్మళంగా ఉంటం. పాళీ పదంలో దొంగతనం అనే మాటే లేదు. దిన్న అంటే ఇచ్చినది. అదిన్న అంటే ఇవ్వనిది. ఆదానం అంటే తీసుకోవడం. మరి అవతలి మనిషి తన చేత్తోనే నోట్లు లెక్కబెట్టి మన చేతిల పెట్టిండనుకోండి. అది ఎప్పుడైనా ఇచ్చినదేనా?

మన పిల్లలు ఫోన్ల రిపేరు, ల్యాప్‌టాప్ రిపేరు పనిలోకి వస్తున్న రోజులివి. అందుకే ఈ ప్రశ్నను ఒక ల్యాప్‌టాప్ తెర మీద పెట్టి చూద్దాం.

నల్లగొండ క్లాక్ టవర్ దిక్కు మన పిల్లగాడు ఒక షాపు పెట్టుకున్నడనుకుందాం. మునుగోడు పక్క ఊరి నుంచి ఒక పెద్దమనిషి బస్సు దిగి వచ్చిండు. బీటెక్ చదివే బిడ్డ ల్యాప్‌టాప్ అది, పత్తి పైసలతోని కొన్నది. "తమ్మీ, తెర నల్లగైంది. ఎల్లుండి బిడ్డకు పరీక్ష. ఎంతైతది?"

తెర నల్లబడడానికి కారణం ఒక్కటే ఉండదు. ప్యానెల్ పగిలితే సాలెగూడు లెక్క గీతలు, సిరా ఒలికినట్టు మరక కనబడతయి. అది ఎవరికైనా తెలుస్తది. పగులు లేకుండ నల్లబడ్డప్పుడే అసలు పని. హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలిపినప్పుడు అక్కడ బొమ్మ మంచిగ వస్తే బోర్డు దాదాపు బాగున్నట్టే. తెర మీద టార్చి కొడితే బొమ్మ మసకమసకగా కనబడుతున్నదంటే వెనుక వెలుగు పోయినట్టు. మూత కదిలించినప్పుడల్లా వచ్చి పోతుంటే, మూత మడిచే బందుల పక్క నుంచి పోయే సన్న కేబుల్ మీద అనుమానం. బ్యాటరీ కనెక్షన్ తీసి, ఆ కేబుల్‌ను ఊడదీసి మళ్లా సరిగ్గ కూర్చోబెడితే, ఒక్కోసారి కొత్త సామాను ఏదీ లేకుండనే తెర వెలుగుతది.

మన పిల్లగాడికి అట్లనే పది నిమిషాలల్ల వెలిగింది. పెద్దమనిషి బయట బల్ల మీద కూసున్నడు, ఆయనకు కనబడలేదు. ఇప్పుడు చెప్పడానికి రెండు మాటలున్నయి. "కేబుల్ వదులైంది కాకా, సరిచేసిన" అనొచ్చు. లేదా, "ప్యానెల్ పోయింది కాకా, సికింద్రాబాద్ సీటీసీ నుంచి తెప్పించాలె. ఐదు వేలైతది. రేపు రాండ్రి" అనొచ్చు.

రెండో మాటే చెప్పిండనుకుందాం. పెద్దమనిషి తెల్లారి పైసలు తెచ్చి ఇచ్చిండు. తెర వెలిగింది. దండం పెట్టి పోయిండు. ఎవరూ ఏడవలేదు, ఎవరి జేబూ కత్తిరించలేదు. మరి తప్పెక్కడున్నది?

ఆ పెద్దమనిషి ఇచ్చింది ఒక కొత్త ప్యానెల్‌కు. ఆ ప్యానెల్ లేనే లేదు. లేనిదానికి ఇచ్చిన పైస ఎవరికీ ఇచ్చినట్టు కాదు. ఆయన చెయ్యి ఇచ్చింది గాని ఆయన ఎరుక ఇవ్వలేదు. తెలిసుంటే ఇవ్వనిదాన్ని, తెలియదు కాబట్టి తీసుకున్నం. నా లెక్కల అది అదిన్నమే. అబద్ధం ఆడిన పాపం వేరే, అది నాలుగో శీలం కింద పోతది.

కొందరు ఉపాసకులు అంటరు: బుద్ధుడు వద్దన్న వ్యాపారాలు ఐదే గదా, ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం, తెరలు మార్చడం అందులో లేదు. నిజమే, లేదు. కానీ మజ్ఝిమ నికాయంలోని మహాచత్తారీసక సుత్తంలో మిథ్యా ఆజీవం గురించి చెప్పినప్పుడు వ్యాపారాల పేర్లు రావు, మోసం, మాయమాటలు, లాభం మీద లాభం వెతకడం అని నడతల పేర్లు వస్తయి. ఏ పని అన్నది ఒక ప్రశ్న, ఎట్ల చేస్తున్నవన్నది ఇంకో ప్రశ్న.

ఇది మనకు ఇంకొంచెం దగ్గర విషయం. పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఆనకట్టల పనికి పోయినప్పుడు, లెక్క మేస్త్రీ పుస్తకంల ఉండేది. చదవనీకి రాదు. వేలిముద్ర ఎవరూ గుంజుకోలేదు, వాళ్లే వేసిండ్రు. అప్పుడు దాన్ని "ఇచ్చిన" వేలిముద్ర అందామా? అర్థం కాని మంత్రానికి మన తాతలు ఇచ్చిన దక్షిణ కూడా చేత్తో ఇచ్చినదే. తెలిసినోడు తెలియనోని మీద బతికే పద్ధతి అది. విద్య ఒక్కటే చాలదు, శీలం తోడు లేని విద్య ప్రమాదకరమని బాబాసాహెబ్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో నొక్కి చెప్పిండు. ఆ గ్రంథం 1957లో, ఆయన పరినిర్వాణం తర్వాత వచ్చింది. స్క్రూడ్రైవర్ పట్టుకున్నోని విద్యకూ ఆ మాట వర్తిస్తది.

ఇవ్వడం అంటే ఎట్లుంటదో మన కృష్ణ ఒడ్డునే రాతి మీద ఉన్నది. సాగర్ నుంచి కిందికి పోతే అమరావతి. అక్కడి స్తూపానికి పూర్ణకుంభం చెక్కిన పలకను దానం చేసినోడు విధికుడు, తోలు పని చేసే చమ్మకారుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి ఇచ్చిన అని శాసనం. ఎవరు ఇచ్చిండ్రు, ఏమిచ్చిండ్రు, అంతా బయటనే ఉన్నది. (ఆ కాలంల చమ్మకారుని పేరు స్తూపం మీద ఉన్నదని మన పిల్లలకు చెప్పండి, బడిల చెప్పరు.)

ఇప్పుడు పిల్లగాని మాట కూడా వినాలె. "అన్నా, కేబుల్ సరిచేసిన, 500 ఇయ్యిండ్రంటే లొల్లి చేస్తరు. పది నిమిషాల పనికి 500 నా అంటరు. ప్యానెల్ పోయిందంటే 5000 నోరు మెదపకుండ ఇస్తరు. నిజం చెప్తే షాపు కిరాయి కూడ ఎల్లది." ఇందులో సగం నిజం, ఆ సగం మన మీదనే పడతది. వస్తువుకు ఇస్తం, చేతి పనికి ఇవ్వం. ఆ పది నిమిషాల వెనుక ఎన్నేండ్ల నేర్పు ఉన్నదో లెక్కబెట్టం. చేతి పనిని చిన్నగ చూసిన ఊరిని తిడుతం, షాపుల నిలబడి అదే చూపు చూస్తం. ఆ నేర్పును ఉత్తగ తీసుకోవాలని చూస్తే అదీ అదిన్నమే. కిందపడి పగిలిన తెరను "దానంతటదే పోయింది" అని వారంటీలో పెట్టబోయే చదువుకున్నోళ్ల గురించి వేరే చెప్పే పని లేదు.

అయినా మిగిలిన సగం పిల్లగానిదే. లొల్లికి భయపడి అబద్ధం ఆడే బదులు, "తెరిచి చూసినందుకు ఇంత" అని గోడ మీద ముందే రాసిపెట్టొచ్చు. ఇష్టం ఉన్నోడు ఇస్తడు, లేనోడు మూత తెరవకముందే పోతడు. పాత మిషన్ నుంచి తీసిన ప్యానెల్ వేసినా తప్పు లేదు, పాతది అని చెప్పి, పాత ధర తీసుకుని, బిల్లు మీద రాసిస్తే. ప్యానెల్ వెనుక స్టిక్కర్ మీద మోడల్ నంబరు ఉంటది, బిగించకముందే ఫోటో తీసి చూపియ్యొచ్చు.

ఇంకొకటి. నిజంగనే పగిలిన ప్యానెల్ మార్చినప్పుడు పాతదాన్ని చాలా షాపుల్లో అడగకుండనే మూలకు వేస్తరు. అద్దం పగిలినా దాని వెనుక వెలుగు పట్టీ, చిన్న బోర్డు ఒక్కోసారి పనికొస్తయి. ఆ ప్యానెల్ ఎవరిది? తెచ్చినోనిదే. సంచిల పెట్టి చేతికియ్యాలె. "నాకెందుకు తమ్మీ, నువ్వే ఉంచుకో" అని ఆయన అంటే, అప్పుడు ఉంచుకోవచ్చు.