దేవుడు చూసుకుంటాడులే!

మా ఇళ్లల్లో పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ వినిపించే మాట ఒకటుంది. పిల్లాడికి సీటు రాకపోయినా, అప్పులవాడు గుమ్మంలో నిలబడినా, డాక్టరు పెదవి విరిచినా అదే మాట: ‘ప్రభువు చూసుకుంటాడులే!’ మీ ఇళ్లల్లో ‘అంతా పైవాడి దయ’ అంటారు, మా క్రైస్తవుల ఇళ్లల్లో ఇలా అంటాం, అంతే తేడా. నంద్యాల రోడ్ల మీద తిరిగే ఆటోల వెనకాల ‘యెహోవా యీరే’ అని రాసి ఉండటం చూసే ఉంటారు. అబ్రాహాము తన కొడుకును బలివ్వబోతే, పొదలో పొట్టేలు దొరికిన చోటికి పెట్టిన పేరది. అర్థం ఇదే, దేవుడు చూసుకుంటాడని.

అనడానికి ఎంత సులువైన మాటో! ఎవరి ఎదుట అంటున్నామో చూసుకోవడమే కష్టం. ఆ సంగతి నాకు నలభై దాటాక గానీ తెలిసిరాలేదు. అదీ చర్చిలో కాదు, బెలుం గుహల్లో. నవలలు రాసుకునేదాన్ని కదా, ఎదుటివాళ్ల మనసులు నాకు తెలుసనుకుంటూ ఉండేదాన్ని.

2021 మే నెల సంగతి మీకు నేను గుర్తుచెయ్యక్కర్లేదు. ఆ నెల మా వారూ, మా అన్నయ్యా ఒకే వారంలో కరోనాతో ఆస్పత్రిలో చేరారు. ఒకే వార్డు, నాలుగు మంచాల దూరం. రాత్రి పదింటికి నేనూ, వదినా ఫోనులో కలిసి ప్రార్థన చేసుకునేవాళ్లం. ఒకే మాటలు, ఒకే ఏడుపు. పదో రోజు మా వారు ఆటో దిగి, గోడ పట్టుకుని ఇంట్లోకి నడిచొచ్చారు. పదకొండో రోజు మా అన్నయ్య ఇంటికి కూడా రాకుండానే సమాధుల తోటకి వెళ్లిపోయాడు.

చర్చి తెరిచాక, ఒక ఆదివారం నేను లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. సాక్ష్యమంటే కోర్టు సాక్ష్యం కాదులెండి, దేవుడు మనకి చేసిన మేలు నలుగురిలో చెప్పుకోవడం. ‘మేం రాత్రింబవళ్లు మోకాళ్ల మీద ఉన్నాం. ప్రభువు మా మొర విన్నాడు. నా భర్తను నాకు తిరిగి ఇచ్చాడు’ అన్నాను. అందరూ ‘స్తోత్రం’ అన్నారు. అప్పుడు చూశాను, మూడో వరసలో వదినని. కొంగు తల మీద కప్పుకుని కూర్చుంది. ఆవిడా ‘స్తోత్రం’ అంది.

ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. నా మొర విన్నాడంటే, వదిన మొర వినలేదనేగా నేను నలుగురిలో చాటి చెప్పింది! మా ఇద్దరిదీ ఒకటే మొరాయె. నాకేదో ఆవిడకంటే ఎక్కువ విశ్వాసం ఉన్నట్టూ, ఆవిడ మోకాళ్లు తక్కువ అరిగినట్టూ. ఆవిడ నన్నొక్క మాట కూడా అడగలేదు. అడిగి ఉంటే బావుండేది.

అడగని వాళ్లకి జవాబులు చెప్పేవాళ్లు మాత్రం చాలామంది వచ్చారు. ‘మంచివాళ్లని దేవుడు తొందరగా పిలుచుకుంటాడు’ అన్నారొకరు. ‘నీ విశ్వాసాన్ని పరీక్షిస్తున్నాడమ్మా’ అన్నారు ఇంకొకరు. ‘ఇందులోనూ ఏదో మేలుంటుంది’ అన్నావిడ ఆ మేలు ఏమిటో చెప్పకుండానే కాఫీ తాగి వెళ్లింది. వాళ్లని తప్పుపట్టే అర్హత నాకు లేదనుకోండి.

యోబు కథ చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్నదే. మళ్లీ తీసి చదివాను. సర్వం పోగొట్టుకున్న యోబుని చూడటానికి ముగ్గురు స్నేహితులొస్తారు. వచ్చి ఏడు పగళ్లూ, ఏడు రాత్రులూ నేల మీద ఆయన పక్కన ఊరికే కూర్చుంటారు. అంతవరకు బంగారం. ఆ తర్వాత నోళ్లు తెరుస్తారు. ‘నువ్వేదో పాపం చేసి ఉంటావు, దేవుడు అన్యాయం చెయ్యడు’ అని అధ్యాయాలకి అధ్యాయాలు. యోబు ఊరుకోడు, వాళ్లతోనూ వాదిస్తాడు, దేవుడితోనూ వాదిస్తాడు. చివరికి దేవుడికి కోపమొచ్చింది ఎవరి మీదనుకున్నారు? తన తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ స్నేహితుల మీద! తనతో పోట్లాడినవాడే సరిగ్గా మాట్లాడాడంటాడు. ఇన్నేళ్లూ ఈ కథలో ఓర్పే చూశాను గానీ, ఈ సంగతి నా కళ్లకి ఆనలేదు.

ఇంకొక కథ కూడా చెప్పాలి. ఇది బైబిల్లోది కాదు, మన నేల మీద జరిగింది. మా తాతగారి వైపు వాళ్లది ఆళ్లగడ్డ దాపున ముత్యాలపాడు. ఆ ప్రాంతం వాళ్లు ధాత కరువని చెప్పుకునేవారు. అంటే 1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువు. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు మాడిపోయాయి, లక్షలమంది పోయారు. 1877లో సహాయపు పనుల్లో మగమనిషి దినకూలిని సర్కారు ఒక పౌను ధాన్యానికీ, ఒక అణాకీ తగ్గించింది. అంతతో మనిషి మట్టి మొయ్యాలి!

ఆ కరువులోనే నల్లమల అవతల ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికా మిషనరీ, బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టుకి పుచ్చుకుని, ఆకలితో వచ్చినవాళ్లకి పని ఇచ్చాడు. దేవుడు చూసుకుంటాడని ప్రసంగం చేసి ఊరుకోలేదు, పలుగూ, తట్టా చేతికిచ్చాడు. అంతకంటే పెద్ద విశేషం మరోటుంది. జనం వచ్చి ‘మాకు బాప్తిస్మం ఇవ్వండి’ అని అడిగితే, తన చేతిలో కూలి డబ్బూ, సహాయపు గింజా ఉన్నంతకాలం ఇవ్వనన్నాడు. ఏడాది పైన అలా ఆపాడు. సహాయం ముగిశాక, ఇంక ఇవ్వడానికేమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున, ఆ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఎందుకొచ్చారంటే ఒకే కారణం చెప్పలేం. ఊరి బయట బతికినవాళ్లకి ‘రా, కూర్చో’ అన్న పిలుపు చిన్నది కాదు. కానీ వాళ్లలో కరువుకి తల్లినో, బిడ్డనో బలిచ్చుకోని వాళ్లు ఎంతమంది ఉంటారు? ‘దేవుడు నా ఇంటిని కాపాడాడు’ అని చెప్పుకోవడానికి వాళ్లకి ఏం మిగిలింది గనక!

గింజనీ, దేవుణ్ణీ కలిపి తూకం వెయ్యకూడదని ఆ దొర అంత జాగ్రత్తపడ్డాడు. నేను చర్చిలో చేసిందేమో సరిగ్గా ఆ తూకమే. నా గింజ నాకు దక్కింది, కాబట్టి దేవుడు మంచివాడు. దక్కకపోతే?

ఇదంతా నేను పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నాను. వదిన ఏ పుస్తకమూ తెరవకుండానే నాకు పాఠం చెప్పింది.

2023 సంక్రాంతి సెలవులకి వదిన పిల్లలు బెలుం చూస్తామని ఒకటే గొడవ. అందరం వ్యాను కట్టించుకుని బయల్దేరాం. బనగానపల్లె దాటి, అవుకు దాటి, కొలిమిగుండ్ల వస్తుంటే ఎటు చూసినా నాపరాళ్లే. గోడలు నాపరాయి, పొలం కంచెలు నాపరాయి. ఆ సున్నపురాతి నేల కిందే 3,229 మీటర్ల పొడుగున ఈ గుహలున్నాయి. మైదానపు నేలలో మన దేశంలో ఇంత పొడుగు గుహ మరొకటి లేదంటారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు వీటి గురించి రాశాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు అడిగినవాళ్లు లేరు. 1982, 83ల్లో గెబౌర్ అనే జర్మన్ ఆయన బృందంతో వచ్చి కొలతలు తీశాడు. 2002లో జనాన్ని లోపలికి రానిచ్చారు. ఇంత రాతిని తొలిచింది ఉలి కాదు, నీళ్లు. గాలిలోనూ, మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువుని కలుపుకుని నీరు కాస్త పులుపెక్కుతుందట. ఆ పులుపుతోనే రాయిని కరిగించుకుంటూ పోయిందట, ఎన్ని లక్షల ఏళ్లో!

లోపల రంగు దీపాలు, ఉక్క, చెమట. వంగి నడవాల్సిన చోట ఉన్నట్టుండి కరెంటు పోయింది. అలాంటి చీకటి నేనెప్పుడూ చూడలేదు. కళ్లు మూసినా, తెరిచినా ఒకటే. ‘ఎవురూ కదలాకండి, ఉన్నచోటే ఉండండి’ అని గైడు ముందునుంచి అరిచాడు. వదిన చెయ్యి వెతుక్కుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ‘ఆ పదిరోజులూ ఇట్లనే ఉండె గదమ్మా’ అంది.

వెలుతురులో ఏడాదిన్నరగా అనలేని మాట ఆ చీకట్లో అనేశాను. ‘వదినా, ఆ రోజు చర్చిలో నేనలా చెప్పకుండా ఉండాల్సింది.’

‘ఎందుకు? ఆయన బతికినందుకు నేను ఏడవాల్నా? ఆయన నాకూ అన్నే గదా. రాత్రుళ్లు మీ అన్న కోసం ఒక ప్రార్థన, ఆయన కోసం ఒక ప్రార్థన చేసినా. రెంటిలో ఒకటన్నా వినె. అందుకే స్తోత్రమన్న్యా.’

నాకు నోట మాట రాలేదు. ఆ మొర నాదొక్కదాన్నే అనుకున్నాను ఇన్నాళ్లూ!

‘మరి రెండోది?’ అన్నాను చివరికి.

‘దాన్ని ఇంకా అడుగుతానే ఉండా. రోజూ అడుగుతా. ఒక్కోసారి తిట్టుకుంటా గూడా. జవాబైతే రాల్యా. అట్లని మాట్లాడేది మానుకుంటే, ఇంగ ఎవర్ని అడిగేది?’ కాసేపాగి మళ్లీ అంది. ‘అప్పుడు మా ఇంటి దిక్కు ఎవురూ రాకపాయె. పక్కింటి సాయిబులామె మాత్రం పొద్దునా, సాయంత్రం గేటుకి క్యారియరు తగిలించి పొయ్యేది.’

‘అది దేవుడు చూసుకోవడమే అంటావా?’

‘ఏమోమ్మా. అన్నం మాత్రం వేడిగా ఉండె.’

దీపాలు వచ్చాయి. పిల్లలు కేకలు వేశారు. వదిన నా చెయ్యి వదిలి, కొంగుతో మొహం తుడుచుకుని, ముందు నడిచింది.

అన్నిటికంటే లోతున, 46 మీటర్ల అడుగున, పాతాళగంగ. సన్నటి నీటిపాయ ఒకటి అలా వచ్చి రాళ్ల సందున మాయమవుతుంది. ఈ నీళ్లు బెలుం ఊళ్లో బావిలోకి పోతాయంటారని గైడు చెప్పాడు. ‘మీరు చూసినారా?’ అని మా చిన్నోడు అడిగాడు. ‘యాడ చూసేది బాబూ, అందులో మనిషి పట్టడు’ అని నవ్వాడాయన. వాడు వంగి ఆ సందులోకి తొంగి చూస్తుంటే, వదిన వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. ‘జారతావు, ఇట్ల రా.’