మనకు పని దొరికింది, పొరుగువాడు ఏమయ్యాడు?

ఇంటి యజమానికి స్థిరమైన పని, పిల్లలకు బడి, పూటకింత అన్నం. ఈ మూడూ సమకూర్చే ప్రభుత్వం మంచిదేనని మనలో చాలామంది అనుకుంటాం. ఛత్రినాకలోని కుటుంబమైనా, ఏ దేశంలోని కుటుంబమైనా కోరుకునేది ఇంతే. ఆ కోరికలో తప్పు లేదు. అయితే ఆ మేలు మనకు అందే దారిలో పొరుగువాడు నలిగిపోతుంటే చూసీ చూడనట్లు ఊరుకోవచ్చునా? రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు జర్మనీలో లక్షలాది కుటుంబాలకు ఈ ప్రశ్న ఎదురైంది. వారిలో మనవంటి కథోలిక కుటుంబాలు కూడా ఎన్నో ఉన్నాయి.

1933 జనవరి 30న హిట్లర్ అధికారంలోకి వచ్చేనాటికి ఆ దేశంలో దాదాపు 60 లక్షలమందికి పని లేదు. 1938 నాటికి నిరుద్యోగం దాదాపు మాయమైంది. ఇంత పని ఎక్కడినుండి వచ్చింది? రోడ్లు, ఇళ్ళ నిర్మాణం నుండి కొంత. ఆయుధాల తయారీ నుండి నానాటికీ ఎక్కువ. మొదటి యుద్ధం తరువాతి ఒడంబడిక ప్రకారం జర్మనీ లక్షమంది సైనికులకు మించి ఉంచుకోరాదు. ఆ హద్దును తోసిపుచ్చి 1935 మార్చి 16న నిర్బంధ సైనికసేవను ప్రకటించారు. ఎస్సెన్ నగరంలోని క్రుప్ ఉక్కు కర్మాగారాలకు మళ్ళీ ఫిరంగుల పని వచ్చింది. ఖర్చు బయటపడకుండా ఒక కాగితపు కంపెనీ పేరుతో హుండీలు రాసి చెల్లింపులు జరిపారు. కార్మికునికి పని దొరికింది గాని, కూలి పెంచమని అడిగే హక్కు పోయింది. 1933 మే 2ననే కార్మిక సంఘాల కార్యాలయాలను ఆక్రమించి, నాయకులను చెరసాలలో వేశారు.

సామాన్యుని ఆశను కూడా వాడుకున్నారు. వారానికి 5 మార్కుల చొప్పున స్టాంపులు కొని పుస్తకంలో అంటిస్తే, 990 మార్కులకు కారు ఇస్తామన్నారు. మన ఇళ్ళలో చిట్టీ కట్టినట్లు 3 లక్షలమందికి పైగా కట్టారు. ఆ పథకం కింద ఒక్కరికీ కారు అందలేదు. యుద్ధం రాగానే ఆ కర్మాగారం సైన్యానికి వాహనాలు చేసింది.

దానధర్మాలకూ కొదవ లేదు. 1933 నుండి చలికాలంలో నెలకొక ఆదివారం ఇంటింటా ఒకే వంటకంతో భోజనం ముగించి, మిగిలిన డబ్బు పేదల నిధికి ఇవ్వాలన్నారు. వినడానికి మన తపస్సుకాలపు ఉపవాసంలా ఉంటుంది. కాని కొద్ది ఏండ్లలోనే ఆ సహాయం యూదు పేదలకు అందకుండా చేశారు. అంతకుముందే, 1933 ఏప్రిల్‌లో, యూదులను ప్రభుత్వోద్యోగాల నుండి తొలగించారు. 1935లో వారి పౌరహక్కులు తీసివేశారు. ఖాళీ అయిన కుర్చీలో మరొకరు కూర్చున్నారు. ఆ కుర్చీ ఎవరిదని ఎంతమంది అడిగారు?

శ్రీసభ మాట్లాడలేదా? మాట్లాడింది. 1937 మార్చి 21న, మ్రానికొమ్మల ఆదివారంనాడు, పదకొండవ పయస్ పోపుగారి విశ్వలేఖను జర్మనీలోని కథోలిక దేవాలయాలలో చదివారు. దానిని రహస్యంగా అచ్చువేసి, రహస్యంగానే చేరవేశారు. జాతిని దేవుని స్థానంలో నిలబెట్టడం విగ్రహారాధనేనని అది హెచ్చరించింది. అచ్చువేసిన ముద్రణాలయాలను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. అయినా 1938 నవంబరు 9, 10 తేదీలలో యూదుల ప్రార్థనాలయాలను తగులబెట్టినప్పుడు, క్రైస్తవ వేదికలలో ఎక్కువభాగం మౌనంగా ఉండిపోయాయి. ఈ సంగతి దాచుకోవడం మనకు మేలు చేయదు.

బెర్లిన్‌లోని పునీత హెడ్విగ్ కథీడ్రల్ గురువు బెర్న్‌హార్డ్ లిక్టెన్‌బర్గ్ గారు మాత్రం ఊరుకోలేదు. ఆనాటినుండి సాయంకాల ప్రార్థనలో యూదుల కోసం అందరి ఎదుట పేరెత్తి ప్రార్థించారు. 1941లో ఇద్దరు విద్యార్థినులు విని ఫిర్యాదు చేశారు. ఆయనకు చెరశిక్ష పడింది. శిక్ష ముగిశాక డాఖావ్ నిర్బంధ శిబిరానికి తరలిస్తుండగా 1943 నవంబరు 5న మరణించారు. 1996లో రెండవ జాన్ పాల్ పోపుగారు ఆయనను ధన్యునిగా ప్రకటించారు.

ఆయనంత ధైర్యం మనకెక్కడిది అని అడగవచ్చు. కాని మౌనం కూడా అప్పులాంటిదే, వడ్డీ పెరుగుతూ పోతుంది. 1933 ఏప్రిల్ 1న యూదుల దుకాణాలలో కొనరాదని కాపలా పెట్టినప్పుడు, కొందరు మామూలుగానే లోపలికి వెళ్ళి సరుకులు కొనుక్కున్నారు. ఆనాడు అందరూ ఆ మాత్రం చేసి ఉంటే? ఎనిమిదేండ్ల తరువాత ఒక్క ప్రార్థనకు ప్రాణమే వెల అయ్యింది.

పాతబస్తీ పెద్దలకు 1990 డిసెంబరునాటి అల్లర్లు, కర్ఫ్యూ గుర్తుండే ఉంటాయి. అటువంటి రోజులలో పక్కింటివారిని కాపాడేది ఆనాటికి పుట్టుకొచ్చే ధైర్యం కాదు. అంతకుముందు ఏండ్ల తరబడి పండుగకు పంచుకున్న తీపి, జబ్బు చేసినప్పుడు వెళ్ళి పలకరించిన పలకరింపు. ఒక కులాన్నో, మతాన్నో తక్కువచేసే మాట మన భోజనాల దగ్గర వినిపించినప్పుడు, పిల్లల ఎదుటే ఇది తప్పు అని చెప్పడానికి ఈనాడు మనకు ఏ చెరసాలా అడ్డు లేదు.

కయీనును దేవుడు అడిగింది పంట ఎంత పండిందని కాదు, తమ్ముడు ఎక్కడ ఉన్నాడని. మన ఇంట పని ఉన్నందుకు, అన్నం ఉన్నందుకు ఈ రాత్రి దేవునికి కృతజ్ఞత చెప్పుకుందాం. ఆ ప్రార్థన ముగించే ముందు మన వీధిలో ఎవరి పని పోయింది, ఎవరి ఇల్లు భయపడుతోంది అని కూడా ఒకరినొకరం అడుగుదాం.