కౌశికుడు నేర్చిన పాఠం

దుర్మార్గుని అహంకారాన్ని గుర్తించడం తేలిక. సజ్జనుని అహంకారం అతనికే కాదు, లోకానికి కూడా సులభంగా కనిపించదు. మహాభారతం అరణ్యపర్వంలో మార్కండేయ మహర్షి ధర్మరాజుకు చెప్పిన ధర్మవ్యాధుని కథ ఈ రెండవ రకపు అహంకారాన్ని గురించినది. తెలుగు భారతంలో ఈ కథ ఎఱ్ఱన పూరించిన భాగంలో ఉన్నది.

కౌశికుడు వేదాధ్యయనపరుడు, తపస్వి. చెట్టు కింద కూర్చున్న అతనిపై ఒక కొంగ రెట్ట వేసింది. అతడు కోపంతో చూడగానే అది ప్రాణం విడిచింది. కౌశికుడు పశ్చాత్తాపపడ్డాడు. కాని ఆ పశ్చాత్తాపం అతని అహంకారాన్ని తొలగించలేదు. భిక్షకు వెళ్ళిన ఇంట గృహిణి ఆకలితో వచ్చిన భర్తకు పరిచర్య చేస్తూ ఆలస్యం చేయగా, మళ్ళీ ఆగ్రహించాడు. తాను కొంగను కానని ఆమె నిబ్బరంగా బదులు చెప్పింది. ధర్మరహస్యం తెలియాలంటే మిథిలలో ఉన్న వ్యాధుని దర్శించమన్నది.

శ్రద్ధ అన్న మాటకు అర్థం ఇక్కడ తెలుస్తుంది. క్షణం క్రితం తాను కోపించిన స్త్రీ మాటను నమ్మి ఆ పండితుడు మిథిలకు బయలుదేరాడు. తనకు తెలియనిది మరొకరికి తెలిసి ఉండవచ్చునని అంగీకరించి అడుగు వేయడమే ఆ శ్రద్ధ. అయినా దురభిప్రాయం అంత త్వరగా విడిచిపోదు. మాంసపు అంగడిని చూసి అతడు దూరంగా నిలబడిపోయాడు. వ్యాధుడే లేచి ఎదురువచ్చి, ఇంటికి తీసుకువెళ్ళి ధర్మం బోధించాడు. తాను దైవంగా కొలిచే వృద్ధులైన తల్లిదండ్రులను చూపించాడు. చదువు కోసం కన్నవారి అనుమతి లేకుండా వచ్చిన కౌశికుని తిరిగి వారి సేవకే పంపాడు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. వ్యాధుడు పూర్వజన్మలో బ్రాహ్మణుడనీ, ముని శాపం వల్ల ఈ జన్మ కలిగిందనీ కథ చెబుతుంది. మాంసం అమ్మేవానికి ఇంతటి జ్ఞానం ఎలా అబ్బిందన్న శంకకు ఇటువంటి సమాధానం అవసరమైనదంటే, కథకు కూడా తన కాలపు పక్షపాతం అంటినదనుకోవాలి. దీనిని దాచనవసరం లేదు. కాని ఆ వృత్తాంతం విన్న కౌశికుడు పూర్వజన్మను ఆధారం చేసుకోలేదు. ఇంద్రియనిగ్రహం, సత్యం, ధర్మం కలిగిన శూద్రుని తాను బ్రాహ్మణునిగానే తలుస్తాననీ, నడవడియే అందుకు ప్రమాణమనీ సంస్కృత మూలంలో అతడు అంటాడు. గౌరవానికి పెట్టిన పేరు పాతదే. కొలమానం మాత్రం మారింది.

అర్జీ పట్టుకొని వచ్చిన మనిషి యాసను బట్టి, దుస్తులను బట్టి అతని మాటకు విలువ కట్టే అలవాటు నేటికీ పోలేదు. ఆ పని చేసేవారిలో చాలామంది చెడ్డవారు కారు, చదువుకున్నవారు, నీతిపరులే. కౌశికుడు కూడా అటువంటివాడే. అతని మేలంతా ఒక్కదానిలో ఉన్నది: అంగడి ముందు సంకోచించినా, వెనుదిరిగి పోలేదు.