ముప్పావు జామకాయ

తిరువూరులో మా వీధి అమ్మమ్మగారికి పొద్దున్నే డల్లాస్ నుంచి వీడియో కాల్. ఈమధ్యే అక్కడి బడిలో చేరిన మనవడికి భిన్నాలు కొరుకుడు పడటం లేదట. ఆవిడ ఇంగ్లీషు జోలికే పోలేదు. జామకాయ కోసి, "నాలుగు ముక్కల్లో మూడు నీవిరా, కాయలో ఎంత?" అన్నారు. "ముప్పావు" అన్నాడు ఠక్కున.

కొత్త భాషలో ఆటల కబుర్లకు రెండేళ్లు చాలు. పాఠాల భాష పట్టుబడటానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని కెనడా పరిశోధకుడు జిమ్ కమ్మిన్స్ ఏనాడో చెప్పారు. మనమేమో మూడు నెలలకే కంగారుపడి ట్యూషన్ వెతుకుతాం!

ఇక్కడ మన ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లోకి 2020–21లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలొచ్చాయి. తెలుగే వచ్చిన తల్లి కూడా పక్కన కూర్చుని చదివించొచ్చు. ఇంగ్లీషులో జవాబు తడబడితే, అదే ప్రశ్న తెలుగులో అడిగి చూడండి.