ధృత్యుత్సాహములు

శ్రీమద్భగవద్గీత 18వ అధ్యాయమున సాత్త్విక కర్తకు ధృతి, ఉత్సాహము అను గుణములు చెప్పబడినవి. ఉత్సాహము కార్యమును తలపెట్టించును. ధృతి దానిని విడువనీయదు.

హైదరాబాదు పాతబస్తీలోని హరిబౌలి అక్కన్న మాదన్న దేవాలయమును చూచినప్పుడు నాకు కంచర్ల గోపన్న జ్ఞప్తికి వచ్చును. ఆ మంత్రి సోదరులు ఆయనకు మేనమామలని ప్రతీతి. 17వ శతాబ్దిలో పాల్వంచ తహశీలుదారుగా నుండిన గోపన్న, భద్రగిరిపై రామునకు ఆలయము కట్టింపవలెనని సంకల్పించి కట్టించెను. సర్కారు పైకమును అనుమతి లేక వ్యయపరచెనను అభియోగముపై తానాషా ఆయనను గోలకొండ చెరలో నుంచెను. ఆ చెర 12 ఏండ్లు సాగెనని పెద్దలందురు.

చెరలో పాడినవిగా ప్రసిద్ధములైన కీర్తనలలో ఆయన నగల ఖర్చు లెక్కలు చెప్పి రాముని నిలదీసెను, నిష్ఠురమాడెను, అయినను రాముని విడువలేదు. నిష్ఠురము ధృతికి భంగము కాదు, విడిచిపెట్టుటయే భంగము.

మరియొక మాట. సంకల్పము పవిత్రమైనను మార్గములోని లోపము తన ఫలమును ఇచ్చియే తీరును. దానిని తలయొగ్గి భరించుటయు ధృతియే.

బిడ్డల చదువు, గృహనిర్మాణము, తిరుమల మొక్కు — కోరిక ఏదైనను గట్టిగా కోరుడు. పరుల సొమ్ము ముట్టకుడు. ఆలస్యమైనచో స్వామితో వాదులాడుడు. పని మాత్రము మానకుడు.