జీతగాండ్ర నాయకుడు ఎవరికి బాకీ?



జీతం పుచ్చుకొని పనిచేసేవాడు యజమానికి ఏమి బాకీ ఉంటాడు? తన కింద మరి పదిమంది ఉంటే, వారికి ఏమి బాకీ ఉంటాడు? ఈ సంచికలో మేము ఆలోచించదలచిన ప్రశ్న ఇది. ఇది పండితులకు మాత్రమే పనికివచ్చే ప్రశ్న అనుకోవద్దు. విడీ ఘర్కుల్‌లో గడపలో కూర్చుని బీడీలు చుట్టే అక్కకూ, పవర్‌లూమ్ కార్ఖానాలో రాత్రి పాళీ చేసే తమ్ముడికీ పగారు నాడు ఎదురయ్యే ప్రశ్నే ఇది. మన పెద్దలు తెలంగాణా పల్లెలు విడిచి షోలాపూరు చేరింది కూలి కొరకే. కనుక కూలి అనే మాటను చిన్నచూపు చూడక, దాని ధర్మమేమిటో విచారించడం మనకు తగిన పని.

ఇందుకు మేము ఒక పాత ఉదాహరణ తీసుకున్నాము. డబ్బు తీసుకొని పరాయి రాజుల కొరకు యుద్ధం చేసిన సైనికుల సంగతి, ముఖ్యంగా వారి నాయకుల సంగతి అది. యుద్ధాన్ని పొగడడం మా ఉద్దేశం కాదు. రక్తం చిందించి బ్రతకడం మంచి బ్రతుకని మేము అనము. అయితే ప్రాణమే పణంగా పెట్టిన కూలిలో, మామూలు కూలిలో మరుగున పడి ఉండే సంగతులు తేటగా కనబడతాయి.

గ్రీకు కిరాయి సేనలు

గ్రీసు కొండల దేశం. సేద్యానికి పనికివచ్చే నేల తక్కువ. భూమి చాలని యువకులు ఈటె, డాలు పట్టుకొని ఐగుప్తుకూ పారసీక దేశానికీ కొలువుకు పోయేవారు. వారిని పోగుచేసి, రాజుతో బేరమాడి, జీతం పంచిపెట్టేవాడు ఒక నాయకుడు. రాజుకు సైనికుల ముఖం తెలియదు, సైనికులకు రాజు మనసు తెలియదు. ఇద్దరి నడుమ ఉన్నవాడు ఈ నాయకుడొక్కడే.

క్రీ.పూ. 401లో పారసీక రాజకుమారుడు కోరెషు తన అన్న అర్తహషస్తను దింపి సింహాసనం ఎక్కాలని బయలుదేరాడు. ఇతడు యూదులను చెరనుండి విడిపించిన కోరెషు కాడు, ఎంతో తరువాతి కాలంవాడు. పదివేలకు పైగా గ్రీకు సైనికులను కూలికి పిలిపించుకున్నాడు. కొండజాతుల మీదికి దండయాత్ర అని వారికి చెప్పారు. అసలు సంగతి తెలిసిన గ్రీకు నాయకుడు స్పార్టావాడైన క్లియార్కస్ ఒక్కడేనని, ఆ సేనతో నడిచిన క్సెనొఫోన్ తన గ్రంథంలో వ్రాశాడు.

సేన తార్సు పట్టణం చేరింది. అపొస్తలుడైన పౌలు పుట్టిన ఊరే అది. అక్కడ సైనికులకు అనుమానం తగిలి, ముందుకు రామని మొండికేశారు. క్లియార్కస్ మొదట బలవంతపెట్టబోతే రాళ్లు రువ్వారు. అప్పుడతడు వారి ఎదుట నిలబడి కన్నీరు పెట్టుకొని, మిమ్మును విడువనని నమ్మించాడు. చాటుగా మాత్రం కోరెషుకు, దిగులుపడవద్దని కబురు పంపాడు. చివరకు నెలకు ఒక బంగారు నాణెమున్న జీతాన్ని ఒకటిన్నరకు పెంచడంతో సేన కదిలింది. నిజం పూర్తిగా తెలిసేనాటికి వెనక్కు తిరిగే దారి లేదు.

బబులోనుకు సమీపాన కునాక్సా దగ్గర జరిగిన యుద్ధంలో కోరెషు చనిపోయాడు. గ్రీకులు తమ పక్షాన ఓడిపోలేదు గాని జీతమిచ్చేవాడే లేకుండా పోయాడు. తరువాత పారసీక అధిపతి టిస్సఫెర్నెస్ సంధి మాటలకని పిలిస్తే క్లియార్కస్ మరి నలుగురు సేనానులను వెంటబెట్టుకొని వెళ్లాడు. ఐదుగురినీ పట్టి చంపించారు. తన వారిని మోసపు మాటతో నడిపించినవాడు మోసపు మాటకే బలైపోయాడు.

ఆ రాత్రి సైనికులకు నాయకుడు లేడు, రొట్టె లేదు, దారి తెలియదు. అయినా వారు చెదరిపోక కూడి ఆలోచించి కొత్త నాయకులను ఎన్నుకున్నారు. క్సెనొఫోన్ అలా ఎన్నికైనవాడే. మంచు కొండలు దాటి మరుసటి సంవత్సరం నల్ల సముద్రం చేరారు. దారిలో ఎన్నో గ్రామాలు దోచుకొని తిన్నారు, ఆ గ్రామస్థులు వీరికి ఏ కీడూ చేయలేదు. ఆ పాపాన్ని కప్పిపుచ్చనక్కరలేదు. అయితే మనం గమనించవలసింది ఇది: కొత్త నాయకులు సభ కూర్చి, ఉన్న సంగతి అందరికీ చెప్పి, అందరి సమ్మతి మీద నడిపించారు. తార్సులో దొరకని నిజం వారికి ఇక్కడ దొరికింది.

చుట్టం చంపాడు, జీతగాడు హెచ్చరించాడు

క్రీ.పూ. 330లో సికందరు తరుముతుండగా పారసీక రాజు మూడవ దర్యావేషు తూర్పుకు పారిపోతున్నాడు. అతని బంధువు, అధిపతి అయిన బెస్సస్ రాజును పట్టివేయాలని కుట్ర పన్నాడు. రాజుతో మిగిలిన గ్రీకు కూలి సేనకు పాత్రోన్ అనేవాడు నాయకుడు. అతడు కుట్రను పసిగట్టి, బెస్సస్ పక్కనే ఉన్నా అతనికి అర్థం కాకుండా గ్రీకు భాషలో రాజును హెచ్చరించాడనీ, మా నడుమ గుడారం వేసుకోండని బతిమాలాడనీ రోమా చరిత్రకారుడు కర్టియస్ వ్రాశాడు. రాజు సంతోషించాడు గాని, సొంతవారిని విడిచి పరాయివారి చాటున బ్రతకడానికి ఒప్పుకోలేదు. కొద్ది దినాలకే సొంతవారి చేతిలో చచ్చాడు.

కూలివాడికి విశ్వాసం ఉండదని లోకం అంటుంది. నెత్తుటి సంబంధంలో తప్పక ఉంటుందని కూడా అంటుంది. ఈ రెండు మాటలూ ఇక్కడ తలక్రిందులయ్యాయి.

మన దక్కను సంగతి

ఇదంతా దూరదేశపు కథ అనుకుంటారేమో. మన నేలకే వద్దాము. ఫ్రెంచి సేనాని బుస్సీ 1751 నుండి 1758 వరకు నిజాము పక్షాన దక్కనులో ఉన్నాడు. ఫ్రెంచివారూ ఇంగ్లీషువారూ దక్షిణాదిన మనుషులను చేర్చుకొని తుపాకీ, కవాతు నేర్పారు. అందులో తెలుగువారు ఎందరో ఉన్నందున ఉత్తర హిందూస్థానంలో అటువంటి సిపాయికి ‘తిలంగా’ అనే పేరు పడింది. 1857లో సైతం ఢిల్లీ జనం సిపాయిలను ఆ పేరుతోనే పిలిచారు, వారిలో చాలామందికి తెలుగు ముక్క రాకపోయినా సరే. పొట్ట చేత పట్టుకొని పోయిన మనవారి ఊరిపేరు కూలి సైనికుడికి మారుపేరైపోయింది.

ఈ విద్యలో ఆరితేరినవాడు ఇబ్రాహీం ఖాన్ గార్దీ. మొదట నిజాము కొలువులో ఉండి, తరువాత పీష్వా కొలువుకు వచ్చాడు. 1760 ఫిబ్రవరిలో, నేటి లాతూరు జిల్లాలోని ఉద్గీరు వద్ద మరాఠాలు నిజామును ఓడించడంలో అతని ఫిరంగుల పాలు పెద్దది. మరుసటి సంవత్సరం జనవరి 14న పానిపట్టులో, అబ్దాలీ సేన ఎదుట, అతడు సుమారు 9,000 మంది సిపాయిలతో, 40 ఫిరంగులతో నిలిచాడు.

అవతలి పక్షంలో ఉండి ఆ యుద్ధాన్ని చూసిన కాశీరాజ్ పండితుడు ఒక సంగతి వ్రాసిపెట్టాడు. యుద్ధపు ఉదయాన ఇబ్రాహీం ఖాన్ మరాఠా సేనాధిపతి సదాశివరావు భావు వద్దకు వచ్చాడు. నా మనుషులకు నెల నెలా జీతం ఇమ్మని పట్టుబట్టినందుకు మీకు నాపై ఎంతోకాలంగా కోపం ఉంది, ఈ నెల ఖజానా దోపిడీ అయి మాకు జీతమే అందలేదు, అయినా ఇన్నాళ్లు తిన్న జీతం వృథా కాలేదని ఈ రోజు చూపిస్తాము అన్న భావంతో మాట్లాడాడట. అలాగే చేశాడు. అతని పటాలాలు దాదాపు నాశనమయ్యాయి. అతడు గాయాలతో చిక్కి, శత్రువుల చేతిలో ప్రాణం విడిచాడు. ఎదుటివారు తన మతంవారే, తాను నిలిచినది పరమతస్థుల పక్షాన. ఇచ్చిన మాటకు అది అడ్డు రాలేదు.

అతని బంధువే అయిన ముజఫర్ ఖాన్ కూడా ఇదే వృత్తివాడు. పలుమార్లు కొలువు మార్చి, చివరకు అదే భావును చంపించబోయి మరణశిక్ష పొందాడు. వృత్తి ఒక్కటే, చేరిన కొలువూ ఒక్కటే. మనిషి వేరు.

ఇంకొకటి. హైదరాబాదులో మూసారాంబాగు పేరు విననివారు ఉండరు. నిజాము ఫ్రెంచి పటాలాల నాయకుడు రేమాన్‌ను జనం మూసారాం అని ఆప్యాయంగా పిలుచుకున్నారు, ఆ పేరే అక్కడ నిలిచింది. అతడు 1798లో చనిపోయాడు. ఆ అక్టోబరులో బకాయి జీతాల కోసం సిపాయిలు తిరగబడి తమ అధికారులనే బంధించారు. ఇంగ్లీషువారు చుట్టుముట్టి, సుమారు 14,000 మంది ఉన్న ఆ దండును యుద్ధం లేకుండానే నిరాయుధం చేశారు. జీతం ఆగిన చోట ఎంత పెద్ద దండైనా ఒక్క రోజులో కరిగిపోతుంది.

మెచ్చుకోలులో ఉన్న అపాయం

ఇబ్రాహీం ఖాన్‌ను మెచ్చుకోవడం సులువు. అయితే ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. జీతం అందకపోయినా ప్రాణమిచ్చాడని పొగుడుతున్నామే, ఈ పొగడ్త ఎవరికి ఉపయోగపడుతుంది? కూలి ఎగవేసే ప్రతి యజమానీ ఇలాంటి కథే కోరుకుంటాడు. “నువ్వు నమ్మకస్తుడివి కదా, ఈ నెల సర్దుకో” అంటాడు. పైగా ఆ దినాన చచ్చింది ఇబ్రాహీం ఖాన్ ఒక్కడే కాదు. పేరైనా తెలియని వేలాది తిలంగాలు అతని మాట మీద చచ్చారు. వారి ఇళ్లకు ఆ నెల పగారు ఎవరు పంపారు?

కనుక మా అభిప్రాయం ఇది. అతని గొప్పతనం పానిపట్టులో మొదలు కాలేదు. అంతకు ముందు నెలల తరబడి, యజమాని ముఖం మాడ్చుకున్నా, తన మనుషుల జీతం కొరకు అడుగుతూ వచ్చాడు. అక్కడ మొదలైంది. ఆ అడగడం లేకుండా యుద్ధపు ఉదయాన పలికిన మాట మాత్రమే ఉంటే, అది ఇతరుల ప్రాణాలతో చేసిన డాబు అయ్యేది. క్లియార్కస్ కన్నీరు అటువంటిదే. విశ్వాసం పనివాడు మనస్సుతో ఇచ్చే కానుక. జీతంతో పాటు కొనుక్కున్నాననుకునే హక్కు యజమానికి లేదు.

జీతగాడు అనగానే మనకు యోహాను సువార్తలో తోడేలును చూచి పారిపోయే జీతగాడు గుర్తు వస్తాడు. అక్కడ తప్పు జీతం తీసుకోవడంలో లేదు, గొర్రెలను గూర్చి చింత లేకపోవడంలో ఉంది. సమూయేలు రెండవ గ్రంథంలో గిత్తీయుడైన ఇత్తయి కూడా 600 మందితో వచ్చిన పరదేశియే. అబ్షాలోము తిరుగుబాటు నాడు దావీదు అతనిని, నిన్న వచ్చినవాడివి, తిరిగి వెళ్లిపొమ్మని స్వేచ్ఛనిచ్చాడు. సొంత కొడుకు తరుముతుంటే పరదేశి వెంట నిలిచాడు. వెళ్లే స్వేచ్ఛ ఇచ్చిన రాజుకే అటువంటి విశ్వాసం దొరికిందని మరువకూడదు.

మనకు ఏమిటి?

మన నడుమ ఖడ్గం పట్టి కూలికి పోయేవారు లేరు. నడుమ నిలిచేవారు మాత్రం ఎందరో ఉన్నారు. పది ఇళ్ల బీడీలు లెక్కకు పట్టుకుపోయేవారు, ఊరినుండి చుట్టాలను పిలిపించి కార్ఖానాలో పెట్టించేవారు, గల్ఫు దేశాలకు మనుషులను పంపేవారు, సంఘంలో పెద్దలమని పిలువబడే మేమును. ఇతరుల చెమటను తన మాటతో బేరమాడే ప్రతివాడూ ఆ పాత నాయకుల వరుసలో నిలిచినవాడే.

అటువంటివాడు తన్ను మూడు ప్రశ్నలు అడుగుకోవాలి. పని ఎటువంటిదో, ఎంత కష్టమో, నా వారికి ముందే నిజం చెప్పానా? వెయ్యి బీడీలకు రావలసినది తగ్గినప్పుడు, బాగాలేవని ఎక్కువ బీడీలు పక్కన పారేసినప్పుడు, సేఠు ముఖం చూచి ఊరకుండక వారి పక్షాన నోరు తెరిచానా? ఒప్పుకున్న పనిని కష్టకాలంలో సగంలో విడిచి పోయానా? మొదటి రెండింటికి నేరుగా జవాబు చెప్పగలవాడికే మూడవదాని విషయంలో ఇతరులను నిలదీసే అధికారం ఉంటుంది.

అమ్మదగినది చేతి పని. మనస్సాక్షి అమ్మదగినది కాదు, ఇతరుల ప్రాణం మన సొత్తే కాదు. పగారు పంచే చేయి మీదైనప్పుడు, వరుసలో చివర నిలుచున్న అక్క ముఖం చూచి లెక్క చెప్పండి. ఆమె మారు మాట్లాడక తల ఊపి వెళ్లిందంటే, లెక్క నచ్చి ఊపిందో, అడగలేక ఊపిందో కనుక్కోండి.